‘అలాగే బాబూ’ అంటే అర్థమైనట్టేనా?

సింహాచలంలో కొండ కింద పూలమ్ముకునే పెద్దావిడ ఒకరు. అప్పటికే అరవై దాటాయి. పొద్దున్నే సంపెంగలు, ఆ తర్వాత బంతిపూలు, తులసి మాలలు. రోజంతా నేలమీద గోనెపట్టా పరుచుకుని కూర్చోవడం, లేవడం. ఎడమ మోకాలు నొప్పి అంటే కొడుకు బండిమీద తీసుకొచ్చి క్లినిక్ దగ్గర దింపి వెళ్లాడు. ఇది దాదాపు ఇరవై ఏళ్ల కిందటి మాట. ఫిజియోథెరపీ చదువు పూర్తిచేసి నేను బోర్డు తగిలించుకున్న కొత్త.

పరీక్ష చేశాను. ఎక్స్‌రే చూశాను. మోకాలి అరుగుదల మొదలైంది. తొడ ముందు కండరం బాగా నీరసించింది. బల్లమీద పడుకోబెట్టి, తువ్వాలు చుట్టచుట్టి మోకాలి కింద పెట్టాను. ‘‘దీన్ని మోకాలితో కిందికి అదమాలమ్మా. పది లెక్కపెట్టేదాకా అలాగే ఉంచి, వదలాలి. అలా పదిసార్లు. రోజుకి మూడు పూటలు’’ అని చెప్పాను.

‘‘అలాగే బాబూ’’ అంది.

‘‘అర్థమైందా?’’

‘‘అయింది బాబూ.’’

చీటీమీద బొమ్మ కూడా గీసిచ్చి, మూడు వారాల తర్వాత రమ్మన్నాను. చెప్పిన రోజుకే వచ్చింది. గుమ్మంలో ఆవిడ నడక చూడగానే నా గుండె గతుక్కుమంది. కుంటు ఇంకా పెరిగింది. పడుకోబెట్టి చూస్తే కాలు తిన్నగా చాపలేకపోతోంది. మోకాలు కొంచెం వంగే ఉండిపోతోంది.

‘‘నేను చెప్పినట్టు చెయ్యలేదు కదూ?’’ కాస్త విసురుగానే అడిగాను.

ఆవిడ నొచ్చుకుంది. ‘‘అయ్యో, సేత్తన్నాను బాబూ! రేత్రల్లా ఆ తువ్వాలు మోకాలి కిందే ఎట్టుకుని తొంగుంటన్నాను. ఒక్క రేత్రి కూడా మానలేదు’’ అంది.

నేను చెప్పిన దాంట్లో ఆవిడ దగ్గర మిగిలింది ‘మోకాలి కింద తువ్వాలు’ ఒక్కటే. అదమడం, లెక్కపెట్టడం, వదలడం... అన్నీ ఎగిరిపోయాయి. నొప్పిగా ఉన్న మోకాలికి కాస్త వంగి ఉంటేనే హాయి. అందుకే కింద ఎత్తు పెట్టుకుంటే సుఖంగా నిద్ర పడుతుంది. కానీ రోజూ గంటల తరబడి అలా ఉంచేస్తే మోకాలి వెనకభాగం బిగుసుకుపోయి, కాలు పూర్తిగా చాపడం కష్టమవుతుంది. ఆవిడ ఒక్క రాత్రి కూడా మానకుండా చేసిన పనే ఆవిడకి చెరుపు చేసింది. ఆ తప్పు ఆవిడది కాదు, నాది. ‘అర్థమైందా’ అని అడిగి ఊరుకున్నానే తప్ప, ఒక్కసారి చేసి చూపించమనలేదు.

ఫిజియోథెరపీ అంటే కరెంటు పెట్టడం, వేడి కాపడం, మర్దన అనుకునేవాళ్లు ఇప్పటికీ చాలామంది. మా దగ్గర మీరుండేది అరగంటో ముప్పావుగంటో. మిగతా ఇరవైమూడు గంటలూ ఆ కాలు మీ ఇంట్లోనే ఉంటుంది. అక్కడ మీరేం చేస్తారన్న దాన్నిబట్టే అది బాగుపడటం ఉంటుంది. అంటే మా పనిలో సగానికి సగం పంతులు పనే. ఆ పని సరిగ్గా జరగకపోతే ఏమవుతుంది, జరగాలంటే మేమేం చెయ్యాలి, మీరేం అడగాలి... ఈ వారం ఆ సంగతులు చెప్పుకుందాం.

గుమ్మం దాటకముందే...

డాక్టరు చెప్పిన మాటలు మనకి ఎంతవరకు గుర్తుంటాయి? దీనిమీద వచ్చిన పరిశోధనలన్నిటినీ నెదర్లాండ్స్‌కి చెందిన రాయ్ కెసెల్స్ 2003లో ఒకచోట చేర్చి పరిశీలించారు. వైద్యులు చెప్పిన దాంట్లో నూటికి 40 నుంచి 80 వంతులు రోగులు వెంటనే మరిచిపోతున్నారని తేలింది. ఇంకో విచిత్రం ఏమిటంటే, గుర్తున్న దాంట్లోనూ దాదాపు సగం తప్పుగా గుర్తుంటోంది. ఎంత ఎక్కువ చెబితే అంత తక్కువ మిగులుతుంది.

ఇది చదువు లేనివాళ్ల సంగతే అనుకోకండి. నొప్పి, భయం, బయట ఆటో ఆపి ఉంచామన్న హడావుడి... వీటి మధ్య ఎంత చదువుకున్నవారికైనా చెవి పనిచేస్తుందేగానీ బుర్ర పనిచెయ్యదు. దానికి తోడు మనకో మర్యాద ఉంది. పెద్ద చదువు చదివినవాళ్లు ‘అర్థమైందా’ అని అడిగితే ‘కాలేదు’ అనడం మనకి అలవాటు లేదు. అర్థంకాలేదంటే తెలివితక్కువ అనుకుంటారని బిడియం. వెనక ఇంకా పదిమంది వరసలో కూర్చున్నారన్న మొహమాటం. అందుకే తల ఊపేస్తాం. ‘అలాగే బాబూ’ అనేస్తాం.

‘నాకు చూపించండి’

ఆ రోజు ఆవిడకి మళ్లీ మొదటినుంచి నేర్పాను. ఈసారి చివర్లో ‘అర్థమైందా’ అనలేదు. ‘‘నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలమ్మా. రాత్రికి మీ కోడలు ‘డాక్టరు బాబు ఏం చెప్పాడత్తా?’ అని అడుగుతుంది కదా. ఆమెకి ఎలా చూపిస్తారో ఒకసారి నాకు చూపించండి’’ అన్నాను. ఇలా అడిగితే పరీక్ష పెడుతున్నట్టుండదు. పరీక్ష నాకే అవుతుంది.

ఆవిడ మొదలెట్టగానే నా లోపాలు వరసగా బయటపడ్డాయి. ‘పది లెక్కపెట్టండి’ అన్నానా... ఆవిడ పూలు లెక్కపెట్టే వేగంతో మూడు సెకన్లలో ఒకటి నుంచి పది దాటేసింది. ‘మూడు పూటలు’ అన్నానా... తిండికే వేళ ఉండని మనిషి ఆవిడ. ‘మంచంమీద పడుకుని’ అన్నానా... వాళ్లింట్లో మంచం లేదు!

ఇద్దరం కలిసి దిద్దుకున్నాం. అంకెల బదులు ‘సింహాద్రి అప్పన్నా’ అని నిదానంగా అయిదుసార్లు తలుచుకోమన్నాను. గడియారం అక్కర్లేకుండా పది సెకన్లు అయిపోతాయి. ఎప్పుడు చెయ్యాలన్నది ఆవిడే తేల్చింది. ‘‘బస్సు నిండి కొండమీదికి ఎల్లిపోతే కాసేపు బేరాలుండవు బాబూ. అప్పుడు సేత్తాను’’ అంది. గోనెపట్టామీద కాళ్లు చాపుకుని కూర్చునే ఈ వ్యాయామం చెయ్యొచ్చు. మరి తువ్వాలు? పడుకునేముందు దాన్ని మేకుకి తగిలించెయ్యాలి. మేకుమీద తువ్వాలు కనిపిస్తేనే నిద్ర. అంతే!

ఈ ‘తిరిగి చెప్పించుకునే’ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో డీన్ షిల్లింగర్ బృందం మధుమేహ రోగులతో డాక్టర్ల సంభాషణలను రికార్డు చేసి, 2003లో ఫలితాలు ప్రకటించింది. కొత్తగా చెప్పిన విషయాల్లో రోగికి ఏం అర్థమైందో డాక్టర్లు సరిచూసుకున్నవి నూటికి 12 మాత్రమే. అలా సరిచూసుకున్న డాక్టర్ల దగ్గర రోగుల చక్కెర మిగతావారికన్నా మెరుగ్గా అదుపులో ఉంది. దీనికి పట్టే సమయం రెండు మూడు నిమిషాలు. నేను ఆ రెండు నిమిషాలు మిగుల్చుకోబోయి ఆవిడకి మూడు వారాలు నష్టం చేశాను.

పన్నెండు కాదు, రెండు చాలు

మరొకాయన ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. కుడి భుజం బిగుసుకుపోయింది. చొక్కా తొడుక్కోవాలన్నా, తల దువ్వుకోవాలన్నా నరకం. చదువుకున్న మనిషి కదా అని పన్నెండు వ్యాయామాల కాగితం చేతిలో పెట్టాను. బొమ్మలు, ఎన్నిసార్లు చెయ్యాలో అంకెలు, అన్నీ ఉన్నాయి. రెండు వారాల తర్వాత ఎన్ని చేస్తున్నారని అడిగితే నవ్వేశారు.

‘‘మొదటిరోజు పన్నెండూ చేశాను మాస్టారూ. గంట పట్టింది. రెండోరోజు ఆరు. మూడోరోజు కాగితం ఎక్కడ పెట్టానో గుర్తురాలేదు. మా ప్లాంట్లో కొత్త కుర్రాడొస్తే మొదటిరోజే పన్నెండు మీటలూ చూపించం. ముందు మేం చేసి చూపిస్తాం. తర్వాత మాతోపాటు చేయిస్తాం. ఆ తర్వాత వాణ్ని చెయ్యమని పక్కన నిలబడతాం. అప్పుడు గానీ వదలం’’ అన్నారు.

నాలుగేళ్ల చదువులో నా తలకెక్కని పాఠాన్ని ఆయన నాలుగు వాక్యాల్లో చెప్పేశారు. చూపించడం, కలిసి చెయ్యడం, పక్కన నిలబడటం, వదలడం.

ఈ లెక్క కూడా పరిశోధనల్లో ఉంది. 65 ఏళ్లు దాటినవాళ్లకి ఇంటిదగ్గర చేసుకోమని కొందరికి రెండు, కొందరికి అయిదు, కొందరికి ఎనిమిది వ్యాయామాలు ఇచ్చి చూశారు. 1999లో ప్రచురితమైన ఈ అధ్యయనంలో రెండు ఇచ్చినవాళ్లు ఎనిమిది ఇచ్చినవాళ్లకన్నా వాటిని సరిగ్గా చేసి చూపించగలిగారు. అంతకు ముందు 1993లో నెదర్లాండ్స్‌లో మరో అధ్యయనం వచ్చింది. ఇంటి వ్యాయామాలు ఎందుకు మానేస్తున్నారో అందులో అడిగారు. ముఖ్యంగా తేలినవి మూడు. రోజువారీ పనుల మధ్య అవి ఇమడకపోవడం, ‘బాగా చేస్తున్నారు’ అనేవాళ్లు లేకపోవడం, ‘ఏం చేసినా ఇది తగ్గదులే’ అన్న నిరాశ. బద్ధకం అని మనం కొట్టిపారేసే దాని వెనక ఇన్ని ఉన్నాయన్నమాట.

ఆయనకి రెండే ఉంచాను. ముందుకి వంగి చేతిని గడియారం లోలకంలా ఊపడం, గోడమీద వేళ్లతో పైకి పాకించడం. మొదటిది ఉదయం కాఫీ కాగేలోపు, రెండోది స్నానానికి వెళ్లేముందు. వేళ్లు ఎంత పైకి వెళితే అక్కడ గోడమీద పెన్సిల్‌తో గీత పెట్టి తేదీ వెయ్యమన్నాను. నెల తిరిగేసరికి ఆ గోడ చిన్నపిల్లల ఎత్తు కొలిచే గోడలా తయారైంది. గీత పైకి జరుగుతుంటే ఇక చెయ్యమని ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

‘అరిగిపోయింది’ అనే మాట

మోకాలి నొప్పితో వచ్చినవాళ్లు చాలామంది ముందే ఓ తీర్పు వెంటపెట్టుకుని వస్తారు. ‘గుజ్జు అరిగిపోయిందట. ఇక నడవకూడదట’. ఎక్కడో ఎవరో హడావుడిలో అన్న మాట అది. విన్నవాళ్ల మనసులో చెప్పు అరిగినట్టు, టైరు అరిగినట్టు బొమ్మ పడిపోతుంది. వాడితే ఇంకా అరుగుతుందని కదలడం మానేస్తారు. కదలకపోతే కండరం నీరసిస్తుంది. కండరం నీరసిస్తే కీలుమీద భారం ఇంకా పెరుగుతుంది. నొప్పీ పెరుగుతుంది.

అందుకే నేర్పడమంటే వ్యాయామం చూపించడం ఒక్కటే కాదు, మాటని కూడా చూసుకుని వాడాలి. మోకాలి చిప్ప వెనకా, ఎముకల చివరా ఉండే మెత్తటి పొరకి రక్తనాళాలు లేవు. కీలులో ఉండే ద్రవమే దానికి ఆహారం. కాలు కదిపినప్పుడు, బరువు పడి వదిలినప్పుడు ఆ పొర స్పాంజిలా ఆ ద్రవాన్ని పీల్చుకుంటుంది. అంటే తగినంత కదలిక మోకాలికి అన్నం లాంటిది. తొడ కండరం గట్టిపడితే నొప్పి తగ్గుతుందన్నది ఎన్నో అధ్యయనాల్లో తేలిన విషయం. వ్యాయామం చేస్తున్నప్పుడు కాస్త నొప్పి ఉండి, మర్నాటికి సర్దుకుంటే భయం లేదు. మర్నాడు కూడా పెరిగే ఉంటే మోతాదు ఎక్కువైందని అర్థం. వాపు, ఎర్రబారడం, జ్వరం, పిక్కలో కొత్తగా వచ్చిన నొప్పి ఉంటే మాత్రం ఆగి డాక్టరుకి చూపించాలి.

మన ఊళ్లో ఈ మాటకి ఇంకో బరువు కూడా ఉంది. అక్షయ తృతీయనాడు చందనోత్సవం. ఏడాదికి ఒక్కరోజే స్వామి నిజరూప దర్శనం. ఆషాఢ పౌర్ణమికి గిరి ప్రదక్షిణ. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి అడవివరం, హనుమంతవాక, అప్పుఘర్, మాధవధార, గోపాలపట్నం మీదుగా సుమారు 32 కిలోమీటర్ల నడక. ‘కొండెక్కొద్దు, నడవొద్దు’ అని ఒక్క ముక్కలో అనేస్తే ఈ ఊరి మనిషి ‘అలాగే బాబూ’ అంటుంది. ఆ రోజు రాగానే మాకు చెప్పకుండా వెళ్లిపోతుంది. మర్నాటి నుంచి మా క్లినిక్కులన్నీ నిండిపోతాయి.

పూలావిడ కూడా అడిగింది. ‘‘బాబూ, నాను మెట్లమీంచి కొండెక్కొచ్చా?’’ అని. వద్దని అనబోయి ఆగాను. వెయ్యికి పైగా మెట్లు. మెట్టు ఎక్కేటప్పుడు మోకాలిమీద శరీర బరువుకి సుమారు మూడు రెట్ల భారం పడుతుంది. దిగేటప్పుడు అంతకన్నా కాస్త ఎక్కువే. కాబట్టి వరస చెప్పాను. ముందు కాలు తిన్నగా చాపడం రావాలి. తర్వాత నడక. ఆ తర్వాత రోజూ కొన్ని మెట్లు, మధ్యలో కూర్చుంటూ. పైకి మెట్లు, కిందికి మాత్రం బస్సు. మెట్టెక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలు ముందు. ఇది గుర్తుంటుందా అని నేను ఆలోచిస్తుంటే ఆవిడే అంది... ‘‘అప్పన్న కాడికి మంచి కాలితో ఎల్లాల. అంతే కదా!’’

ఇంట్లోవాళ్లకీ పాఠం చెప్పాలి

కొన్ని జబ్బుల్లో రోగికంటే ముందు ఇంట్లోవాళ్లకి నేర్పాలి. పక్షవాతం అందులో మొదటిది. అడవివరం వైపు ఓ ఇంటికి వెళితే, పడిపోయిన చెయ్యి పట్టుకుని మామగారిని మంచంమీద నుంచి లేపుతోంది కోడలు. పాపం, ఎంతో ప్రేమగానే. కానీ పక్షవాతం వచ్చిన భుజానికి కండరాల పట్టు ఉండదు. ఆ చెయ్యి లాగితే కీలు జారుతుంది. భుజంనొప్పి మొదలవుతుంది. ఇక ఆ చెయ్యి ముట్టుకోనివ్వరు, వ్యాయామాలూ ఆగిపోతాయి. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఆ అమ్మాయికి ఎవరూ చూపించలేదు. ‘జాగ్రత్తగా చూసుకోండి’ అన్నారట. జాగ్రత్తంటే ఏమిటో చెప్పలేదు.

పది నిమిషాలు పట్టింది. మామగారి మోకాళ్లు మడిచి పక్కకి దొర్లించి, కాళ్లు మంచం కిందికి దించి, భుజం వెనకా నడుం దగ్గరా చేతులేసి కూర్చోబెట్టడం చూపించాను. ఆ అమ్మాయి చేత రెండుసార్లు చేయించాను. మూడోసారి నేను మంచంమీద పడుకుని ‘‘నన్ను లేపమ్మా’’ అన్నాను. ఇంటిల్లిపాదీ నవ్వారు. కానీ ఆ తర్వాత ఎవరూ ఆయన చెయ్యి పట్టి లాగలేదు.

అందరికీ ఇలా ఇంటికెళ్లి నేర్పడం కుదరదు. 1923 నుంచీ ఉన్న మన కింగ్ జార్జ్ ఆసుపత్రినే తీసుకోండి. శ్రీకాకుళం, విజయనగరం, ఏజెన్సీ గ్రామాలు, ఒడిశా నుంచి కూడా జనం వస్తారు. ఒక పూట రావడానికి ఒక రోజు కూలి పోతుంది. రెండోసారి వస్తారో రారో. అలాంటివాళ్లకి ఆ ఒక్కసారిలోనే, వాళ్లకి తెలిసిన మాటల్లో, వాళ్లింట్లో ఉండే వస్తువులతో నేర్పాలి. ఇప్పుడు చాలామంది చేతుల్లో ఫోను ఉంది కాబట్టి నేనొక పని చేస్తున్నాను. వ్యాయామం సరిగ్గా వచ్చాక వాళ్ల ఫోన్లోనే, వాళ్లే చేస్తుండగా వీడియో తీసిస్తాను. ఎవరో తెల్లటి చాపమీద చేసే వీడియో కంటే తన కాలు తనకి బాగా అర్థమవుతుంది.

ఫిజియోథెరపీతో సహా అనుబంధ ఆరోగ్య వృత్తులకి దేశమంతటికీ వర్తించే చట్టం 2021లో వచ్చింది. చదువుకీ రిజిస్ట్రేషన్‌కీ అది దారి చూపుతుంది. మంచిదే. అయితే రోగికి నేర్పడం ఏ చట్టంతోనూ రాదు. ఆ రెండు నిమిషాలు ఆగడం మా చేతుల్లో ఉంది. ఆగమని అడగడం మీ చేతుల్లో ఉంది.

మీరు అడగండి

ఈసారి ఫిజియోథెరపీకి వెళ్లినప్పుడు మొహమాటం లేకుండా ఇవి అడగండి.

* ‘ఒకసారి నేను చేస్తాను, తప్పుంటే దిద్దండి’ అనండి. చెయ్యకుండా ఇంటికి రాకండి.
* ‘అన్నిట్లోకి ముఖ్యమైనవి రెండు చెప్పండి’ అనండి. అవి అలవాటయ్యాక మూడోది.
* ఇది ఎందుకు చేస్తున్నానో ఒక్క ముక్కలో చెప్పమనండి. కారణం తెలిస్తే మానబుద్ధి కాదు.
* ఎంత నొప్పి వస్తే ఫర్వాలేదు, ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు డాక్టరు దగ్గరికి రావాలి... ఈ మూడూ తెలుసుకోండి.
* ఏం చెయ్యకూడదో కూడా అడగండి. మోకాలి కింద తువ్వాలు రాత్రంతా ఉంచకూడదన్న లాంటివి అడిగితేనే బయటికొస్తాయి.
* మీ ఇంట్లో మంచం లేకపోయినా, మీది రాత్రి డ్యూటీ అయినా, చెయ్యడానికి సిగ్గుగా ఉన్నా ముందే చెప్పండి. దానికి తగ్గట్టు మార్చడం మా పని.
* చూసుకునేవాళ్లని వెంట తీసుకెళ్లండి. వాళ్ల చేత కూడా చేయించమనండి.

ఇంతకీ పూలావిడ సంగతి చెప్పలేదు కదూ. కాలు తిన్నగా చాపడానికి రెండు నెలలు పట్టింది. ఆ ఏడాది కొండెక్కలేదు. మరుసటి ఏడు ఆగుతూ ఆగుతూ మెట్లన్నీ ఎక్కి, చెప్పినట్టే బస్సులో దిగొచ్చింది. ఓ రోజు అటువైపు వెళుతుంటే కనిపించింది. బస్సు అప్పుడే బయల్దేరింది. పక్కన కొబ్బరికాయలమ్మే ఆవిడ కాళ్లు చాపుకుని కూర్చుంది. మోకాలి కింద తువ్వాలు చుట్ట. మనావిడ ఎదురుగా కూర్చుని చెబుతోంది.

‘‘ఊరికే ఎట్టడం కాదే, అదమాల. అప్పన్నా అని అయిదుపాల్లు అను. రేత్రి మాత్రం మేక్కి తగిలించెయ్. మరిచిపోతావేమో... ఏదీ, ఓపాలి నువ్వు సేసి సూపించు!’’